చుక్కల్లేని అక్షింతల పురుగు

శనివారం. పొద్దున్నే కాఫీ తాగుతూ పెరట్లోకి వెళ్తే చిక్కుడు పాదు కొసలన్నీ నల్లగా ఉన్నాయి. పేనుబంక! లేత కాడ ముట్టుకుంటే వేళ్లకు జిగురు. ఈ ఫ్లోరిడా టాంపా ఎండల్లో దాన్ని పందిరెక్కించడానికి ఎంత పాటుపడ్డానో గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. సబ్బునీళ్లు కలిపి స్ప్రే బాటిల్ తెచ్చాను.

కొట్టబోతుంటే ఒక ఆకు అడుగున లేత పసుపు రంగు పురుగు కనిపించింది. అది విడిచిన గుల్ల ఆకుకే అంటుకుని ఉంది. రెక్కలింకా ఆరలేదు. అచ్చం పసుపు కలిపిన అక్షింతే. కాసేపట్లో చుక్కలొస్తాయి చూద్దువుగాని రమ్మని పాపను పిలిచాను.

గంటకోసారి వెళ్లి చూశాం. పసుపు ముదిరి నారింజ రంగుకొచ్చింది. తల వెనక నల్లటి పట్టీ, దానిమీద తెల్లటి గీతలు తేలాయి. వీపు మీద మాత్రం ఒక్క చుక్కా రాలేదు.

"దీనికి చుక్కలు రావా అమ్మా?" పాప మొహం చిన్నబోయింది.

రావట. ఇది చుక్కల్లేని రకం, శాస్త్రీయ నామం సైక్లోనెడా సాంగ్వినియా. సైక్లోనెడా అమెరికా ఖండాల ప్రజాతి. ఈ రకం ఇక్కడినుంచి కింద అర్జెంటీనా దాకా ఉంటుంది. 1763లో లినేయస్ అనే శాస్త్రవేత్త పెట్టిన సాంగ్వినియా అన్న పేరుకు నెత్తురు రంగుదని అర్థం. ఫ్లోరిడా నారింజ తోటల్లో ఒకప్పుడు పేనుబంకను ఎక్కువగా తినే వాటిలో ఇదొకటి. ఆసియా నుంచి తెచ్చిన హార్మోనియా అనే మరో రకం అక్షింతల పురుగులు అక్కడ పెరిగాక ఇవి తగ్గిపోయాయని చదివితే మనసు చివుక్కుమంది. హార్మోనియా పిల్లలు వీటి పిల్లల్ని కూడా తినేస్తాయి. అంతగా తగ్గిపోయిన ఈ రకం నా పెరట్లో ఒకటి పుట్టింది!

రాత్రి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను.

"మందు కొట్టలేదు కదే? పెద్దవాటితోపాటు పిల్లలు కూడా తెగ తింటాయి. నల్లగా, మొసలి పిల్లల్లా ఉంటాయి. ఆకుల కింద వెతుకు."

ఫోన్ లైట్ వేసి వెతికితే ఒకటి దొరికింది. ఒక పేనుబంకను నోట కరుచుకుని పైకెత్తింది. చూస్తుండగానే అది నలిగి, ఒట్టి తోలు మిగిలింది. దాన్ని వదిలేసి పక్కదాని మీదికి పాకింది. పాప ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఎన్నున్నాయే?" అంది అమ్మ.

"ఉండమ్మా, లెక్కపెడుతున్నాం."

సబ్బునీళ్లు పారబోసి, బాటిల్ కడిగి లోపల పెట్టేశాను. పడుకునే లోపల ఇంకో రెండు కనిపించాయి.