దగ్గండి, పర్లేదు, కుట్లు ఊడవు

ఛాతీ సర్జరీ వార్డులో డ్యూటీ అంటే సగం రోజు "దగ్గండి" అని బతిమాలడమే. పక్కటెముకల మధ్య కోసి కుట్టిన మనిషిని దగ్గమంటే కోపం రాదా మరి, వస్తుంది, నన్నయితే శత్రువుని చూసినట్టు చూస్తారు. కానీ దగ్గకపోతే కఫం లోపలే పేరుకుపోయి ఊపిరితిత్తిలో ఆ భాగం ముడుచుకుపోతుంది, ఆ వెనకాలే న్యుమోనియా. అందుకే ఇక్కడ నొప్పి ఓర్చుకోవడం గొప్పేం కాదు. "నాకేం నొప్పి లేదమ్మా" అంటూ పైపైనే ఊపిరి పీల్చే పెద్దవాళ్లంటేనే నాకు భయం, నొప్పుందని గొడవ చేసేవాళ్లకి ఎపిడ్యూరలో (వెన్నులో సన్నటి గొట్టంతో ఇచ్చే నొప్పి మందు) ఇంకోటో సరిచూసి తగ్గిస్తాం కదా.

ఇదంతా ఆపరేషన్ ముందే నేర్పాలి. దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గడం, స్పైరోమీటర్ అనే ఊపిరి వ్యాయామం పరికరంలో బంతులు పైకి లేపడం. చేతికివ్వగానే చాలామంది బూర ఊదినట్టు ఊదేస్తారు, అయ్యా పీల్చాలి, ఊదకూడదు! సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానేస్తే మంచిది, ముందురోజు రాత్రి దాకా తాగి వచ్చేవాళ్లతో ఏం మాట్లాడతాం.

థియేటర్లో పక్కకి తిప్పి పడుకోబెట్టి, శ్వాసనాళంలోకి రెండు దారులున్న ట్యూబ్ వేసి, ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి రెండోదానితో నడిపిస్తారు. మిగతాది వాళ్ల పని, నేను వార్డు మనిషిని.

ఇక డ్రెయిన్ బాటిల్, అంటే ఆపరేషన్ తర్వాత ఛాతీలో మిగిలిన గాలీ నీరూ ట్యూబ్ ద్వారా బయటికొచ్చే సీసా. ఆ ట్యూబ్ కొస నీళ్లలో 2 సెంటీమీటర్లు మునిగి ఉంటుంది, లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది గానీ బయటి గాలి వెనక్కి పోదు. బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. కొత్తలో ఒకసారి ఎక్స్‌రేకి తీసుకెళ్తూ, జాగ్రత్త అనుకుని బుడగలొస్తున్న ట్యూబ్‌ని నొక్కి మూసే క్లాంప్ పెట్టేశా, లిఫ్ట్ దాకా వెళ్లేసరికి పేషెంట్ నా చెయ్యి పట్టుకుని ఆయాసపడుతున్నాడు, మాట రావట్లేదు. సీనియర్ సిస్టర్ వచ్చి క్లాంప్ తీసేసింది, బాటిల్‌లో ఒక్కసారిగా బుడబుడమని శబ్దం. పోయేదారి మూసేస్తే గాలి లోపలే పేరుకుని ఊపిరితిత్తినీ గుండెనీ నొక్కేస్తుంది, పుస్తకంలో చదివిందే, చదివినా చేశా.

బుడగలు ఆగి, ఛాతీలోంచి వచ్చే నీరు తగ్గి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి నిండుగా విచ్చుకుంటే ట్యూబ్ తీస్తారు. ఊపిరి బిగపట్టమంటాం, ఒక్క లాగు. "అయిపోయిందా?" అంటారు, అప్పటికే డ్రెస్సింగ్ అంటిస్తుంటాం.