ఆపరేషన్ కుట్టుకి చీము పడితే సూదే వెయ్యాలా, బిళ్ళ చాలదా?

మా పిన్నికి తొడ ఎముక విరిగితే ఇక్కడే వైజాగ్‌లో ఒక హాస్పిటల్‌లో ప్లేటు వేశారు. ఇంటికొచ్చాక కుట్ల దగ్గర తడి, ఆ తర్వాత జ్వరం. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి తెరిచి కడిగి, లోపలి నుంచి ముక్కలు తీసి, ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ టెస్టుకి పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది, ఆపరేషన్ గాయాలకి పట్టే వాటిలో ఇదే ఎక్కువట. కొన్నాళ్ళు సూదులు చేసి డాక్టర్ గారు "ఇంక టాబ్లెట్లు రాస్తాను, ఇంటికెళ్ళిపోవచ్చమ్మా" అన్నారు, అంతే, ఇంటిల్లిపాదీ గోల.

నరసన్నపేట నుంచి చూడ్డానికొచ్చిన పెద్దమ్మ "ఏటీ, ఎముకలో చీముకి బిళ్ళలిచ్చి పంపేస్తారేటి" అని మొదలెట్టింది. మనవాళ్ళకి సెలైన్ బాటిల్ వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు కదా. పప్పు పెట్టొద్దు చీము పడతాది, వంకాయ వద్దు అని పత్యాల లిస్టు కూడా ఆవిడే చెప్పింది. గాయం మానాల్సిన మనిషికి పప్పూ గుడ్డూ మానిపించడం ఎంత అన్యాయమో!

అసలు చూడాల్సింది సూదా బిళ్ళా అని కాదు, మందు రక్తంలోకి ఎంత చేరుతోంది అని. పిన్నికి రాసింది లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, దీన్ని మింగినా దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్ళిపోతుంది, లినెజోలిడ్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా అంతే, అందుకే వీటికి సూది డోసూ టాబ్లెట్ డోసూ ఒకటే. అన్ని బిళ్ళలూ ఇలా కాదు. షాపుల్లో తెగ అమ్ముడయ్యే సెఫిక్సిమ్ సగం కూడా ఒంటికి పట్టదు, పైగా ఈ స్టెఫ్ మీద దాని ప్రభావం తక్కువ.

దీని మీద బ్రిటన్‌లో ఓవివా అని పెద్ద ట్రయల్ చేశారు, 2019లో వచ్చింది. ఎముకల, కీళ్ళ ఇన్ఫెక్షన్ ఉన్న 1,054 మందిని, చాలామందికి లోపల ప్లేట్లూ కృత్రిమ కీళ్ళూ ఉన్నవాళ్ళే, రెండు గ్రూపులు చేసి మొదటి 6 వారాలు సగం మందికి సూదులు, సగం మందికి నోటి మందులు ఇచ్చారు. ఏడాదికి చూస్తే వైద్యం ఫెయిలైంది సూదుల వైపు 14.6 శాతం, బిళ్ళల వైపు 13.2 శాతం. ఇక నరంలో పెట్టిన లైను వల్ల ఇబ్బందులు అటు 9.4, ఇటు 1 శాతం. పెద్దమ్మకి ఈ లెక్కలు చెప్తే "దొరల ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు" అంది, ఏం చేస్తాం.

ఇంకో గొడవ దాంతో పాటు రాసిన రిఫాంపిసిన్‌తో, ఇది ఎక్కువగా టీబీకి వాడే మందు. మెడికల్ షాపులో చీటీ చూడగానే "టీబీ ఉందా?" అని అడిగేసరికి పిన్ని మొహం మాడిపోయింది. టీబీ లేదు, ఉందేమోనని ముందే టెస్టు చేసి లేదన్నాకే రాశారు. ప్లేటు మీద బ్యాక్టీరియా జిగురు పొరలా అంటుకుని కూర్చుంటుంది, ఆ పొరలోకి దూరి పనిచేసే మందుల్లో ఇదొకటి, కానీ ఒక్కదాన్నే వాడితే బ్యాక్టీరియా తొందరగా లొంగకుండా పోతుంది కాబట్టి జోడీగా ఇస్తారు. యూరిన్ నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రే క్యాజువాలిటీకి పరిగెత్తేవాళ్ళం.

బిళ్ళల్లో అసలు కష్టం టైములు. ఎముక విరిగినవాళ్ళకి కాల్షియం, ఐరన్ ఎలాగూ ఉంటాయి, అవీ గ్యాస్‌కి తాగే యాంటాసిడ్లూ లెవోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే కడుపులోనే దాన్ని పట్టేసుకుంటాయి, రెండు గంటల ఎడం ఉండాలి. రిఫాంపిసిన్ ఏమో పరగడుపున. షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, ఈ రెండు మందులూ షుగర్‌ని అటూ ఇటూ చేస్తాయి. మడమ వెనక నొప్పి వస్తే, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, లెవోఫ్లాక్సాసిన్ ఆపి వెంటనే ఫోన్ చెయ్యమన్నారు డాక్టర్ గారు. మా బాబాయి ఇవన్నీ ఫ్రిజ్ మీద అంటించారు, బ్యాంకులో పనిచేసిన మనిషి కదా, గళ్ళు గీసి మరీ.

అలా అని ఏ చీముకైనా బిళ్ళ మింగేస్తే పోతుందని కాదండి. చీము తెరిచి కడగకపోతే సూదైనా బిళ్ళైనా దండగే, పైపైన కుట్టులో ఉన్నదైతే ఒక్కోసారి రెండు కుట్లు విప్పి శుభ్రం చేస్తేనే చాలు, యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. చలిజ్వరంతో వణుకుతున్నా, వాంతులై మందు నిలవకపోయినా, బీపీ పడిపోతున్నా అప్పుడు సూదులే. కుట్టు తడిగా కనిపించగానే సందు చివర షాపులో ఏదో స్ట్రిప్ కొనుక్కొచ్చి వేసేసుకోకండి, తర్వాత కల్చర్ తీస్తే ఏమీ పెరగక ఏ మందివ్వాలో డాక్టర్‌కి తెలీదు. ముందు ఆపరేషన్ చేసినాయన దగ్గరికే వెళ్ళండి.