కుమారపర్వతం ఒక్కరోజులో, ఒంటరిగా: డిసెంబర్ నోట్స్

కర్ణాటకలోని కుమారపర్వతాన్ని నేను కుక్కె సుబ్రహ్మణ్య గుడి ఉన్న ఊరి నుంచి ఎక్కా. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో రాత్రి కుక్కె బస్సు ఎక్కితే సగం సీట్లలో మన తెలుగువాళ్లే. సర్పదోషం పోవాలని చేయించే ఆశ్లేష బలి పూజకు వెళ్తున్న కుటుంబాలు. పక్క సీటు పెద్దాయన నా ట్రెక్కింగ్ కర్రలు చూసి "ఈ వయసుకే మోకాళ్ల నొప్పులా బాబూ?" అన్నారు. కొండెక్కడానికండీ అంటే, "గుడి కిందే ఉంది కదా" అని కళ్లు మూసుకున్నారు.

లెక్క ముందు చెప్పేస్తా. కుక్కె ఎత్తు సుమారు 120 మీటర్లు, శిఖరం 1712. ఒక్క పూటలో దాదాపు 1600 మీటర్లు ఎక్కాలి. దూరం ఒకవైపే పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: 5 కిలోమీటర్లకు గంట, పైగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఆ ప్రకారం ఐదు గంటలు దాటుతుంది, నేను ఆరు వేసుకున్నాను. డిసెంబర్ చివర్లో ఇక్కడ ఆరుంబావుకల్లా పొద్దు గూకుతుంది కాబట్టి, ఒంటి గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే రాసిపెట్టుకున్నా. గుంపులో అయితే ఎవడో ఒకడు "చాల్లేరా, పదండి" అంటాడు. ఒంటరిగా వెళ్తే ఆ మాట వాచీయే అనాలి.

అటవీ శాఖ గేటు దగ్గర ఆన్‌లైన్ టికెట్, ఐడీ చూశారు, ప్లాస్టిక్ ఉందేమోనని బ్యాగు వెతికారు. మొదట దట్టమైన అడవి, నిట్టనిలువు దారి. దారి మధ్యలో గిరిగద్దె దగ్గర, ట్రెక్కర్లకు భోజనం పెట్టే భట్టుగారి ఇల్లు 'భట్టరమనె' వచ్చేదాకా చలి ఊసే లేదు, ఒళ్లంతా చెమటే. అక్కడ మూడు లీటర్లు నీళ్లు పట్టుకుని, తిరిగొచ్చేటప్పటికి భోజనం ఉంచమని చెప్పా.

అసలు సంగతి ఇంకా పైన, కల్లుమంటపం అనే రాతి మండపం దగ్గర మొదలైంది. చెట్లు అయిపోయి గడ్డి వాలు, అడ్డూ ఆపూ లేని గాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 20 ఉంటే పైన పదే అన్నమాట. పది డిగ్రీలకు భయమెందుకు అనుకుంటాం, కానీ తడిసిన టీషర్టు మీద ఆ గాలి తగిలితే పళ్లు టకటకలాడతాయి. రాతి స్తంభం చాటుకు చేరి, తడి టీషర్టు విప్పి, పొడి ఫుల్ హ్యాండ్స్ వేసుకుని, పైన విండ్‌చీటర్ తొడిగా. జిప్పు కొస పట్టుకోవడానికి వేళ్లు రావడం లేదు, చంకల్లో కాసేపు పెట్టుకున్నాక వచ్చాయి. కాటన్ బనియన్ అయితే ఇంటి దగ్గరే వదిలేయండి, తడిస్తే ఓ పట్టాన ఆరదు. లావుపాటి జాకెట్ కూడా దండగే. పొడి జత ఒకటి, గాలి ఆపేది ఒకటి, మా అమ్మ కొనిచ్చిన మంకీ క్యాప్, అంతే చాలు. ఆ టోపీలో ఎలా ఉన్నానో అక్కడ చూసేవాళ్లెవరు?

ముందు వచ్చే శేషపర్వతం అనే కొండ ఎక్కాక శిఖరం ఎదురుగా కనిపిస్తుంది, కానీ మధ్యలో షోలా అడవిలోకి (కొండ మడతల్లో పెరిగే గుబురు అడవి) దిగి మళ్లీ ఎక్కాలి. కష్టపడి సంపాదించిన ఎత్తు పోగొట్టుకోవడం ఒళ్లు మండించే పని. చివరి బండలు మంచుకి తడిసి జారుతున్నాయి, అక్కడ కర్రలు మడిచి చేతులే వాడా.

పన్నెండున్నరకు పైన. పులిహోర, పల్లీ చిక్కీ. ఈ కొండమీదే కుమారధార పుడుతుంది. తారకుణ్ణి చంపాక కుమారస్వామి ఆయుధం కడుక్కున్న నది అంటారు. ఒళ్లు చల్లబడేలోపు దిగడం మొదలుపెట్టా.

దిగడానికి భోజనంతో కలిపి నాలుగున్నర గంటలు పట్టింది. మోకాళ్లకు కర్రలు బాగా పనికొచ్చాయి. దిగేటప్పుడు వాటిని ఐదారు సెంటీమీటర్లు పొడవు పెంచాలి. కాలి గోళ్లు ముందు రోజే కత్తిరించుకోవాలి, లేదంటే బూటు ముందు భాగం తగిలి నల్లబడతాయి.

తర్వాత ఎక్కబోయేది కొడగులోని తడియాండమోల్ కొండ. 1748 మీటర్లు, దీనికంటే ఎత్తే, కానీ నాలక్నాడు ప్యాలెస్ నుంచి ఎక్కితే ఇందులో సగం శ్రమ కూడా ఉండదు. అప్పటిదాకా ఆదివారాలు బెంగళూరు దగ్గరి నంది కొండ మెట్లే, బ్యాగులో నాలుగు లీటర్ల నీళ్లతో.