నాన్నగారి నడకలో కుడికాలి తొందర

పర్లాకిమిడిలోని మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం ఉదయం నాన్నగారి పంచెను మోకాళ్ల దాకా మడిచి, మోకాలికీ చీలమండకూ నడుమ ఎముక చేతికి తగిలే చోట, రెండు కాళ్లకూ అగ్గిపెట్టెంత సెన్సర్లను పట్టీలతో బిగిస్తాను. నడక మొదలయ్యే ముందు ఆయన పది సెకన్లు కదలకుండా నిలబడాలి. కాలు కదలకపోయినా, సెన్సర్‌లో తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ చూపించే చిన్న తప్పుడు అంకెను ఆ వ్యవధిలోనే పట్టుకుని, తరువాతి లెక్కల్లోంచి తీసివేస్తాను.

ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఆయన ఎడమ కాలు, చేయి పట్టు తప్పాయి. గుణుపురం నుంచి చూడవచ్చిన మేనత్త "మీ నాన్న ఎడమకాలు ఇంకా ఈడుస్తున్నాడురా" అని కళ్లు తుడుచుకుంది. నేనూ చాలాకాలం ఆ కాలినే చూశాను.

సెన్సర్ సెకనుకు వందసార్లు కొలిచే కోణీయ వేగాన్ని, అంటే కాలు తిరిగే వేగాన్ని, గీతగా గీస్తే, కాలు గాలిలో ముందుకు ఊగినప్పుడు ఒక కొండ, దానికి ఇరువైపులా రెండు గుంటలు కనిపిస్తాయి. మొదటి గుంట బొటనవేలు నేలను విడిచిన క్షణం. రెండోది మడమ నేలను తాకిన క్షణం. మడమ ముందుగా ఆనకుండా పాదమంతా ఒక్కసారిగా పడితే రెండో గుంట లోతు తగ్గుతుంది. నాన్నగారి ఎడమకాలి గీతలో దాన్ని వెతికి పట్టుకోవడం కష్టమైంది. పట్టీ వదులైన ఒక ఆదివారమైతే సెన్సర్ వణుకునే ఆయన వణుకనుకుని భయపడ్డాను.

ఆరోగ్యవంతుల మామూలు నడకలో ఒక్కో పాదం దాదాపు 60 శాతం కాలం నేల మీద, 40 శాతం గాలిలో ఉంటుంది. నాన్నగారి ఎడమ పాదం గాలిలో 0.66 సెకన్లు ఉంటే, కుడి పాదం 0.50 సెకన్లే ఉంది. మంచి కాలు ఎందుకు తొందరపడుతోందో నాకు వెంటనే తట్టలేదు. కుడి పాదం గాలిలో ఉన్నంతసేపూ ఒళ్లంతా మోసేది ఎడమ కాలు ఒక్కటే కదా! అది ఎక్కువసేపు మోయలేదు గనుక కుడి పాదం పరుగున వచ్చి నేలను పట్టుకుంటోంది. బలహీనత ఎడమకాలిదైనా, దాని కొలత కుడికాలి సెన్సర్‌లో ఉంది.

1870లలోనే పారిస్‌లో ఎటియన్ జూల్ మారే అనే శరీరధర్మ శాస్త్రవేత్త బూటు అడుగున గాలి గదిని అమర్చి, రబ్బరు గొట్టం గుండా వచ్చే ఒత్తిడితో పాదం నేలను తాకే కాలాన్ని కాగితం మీద గీయించాడు. ఆయన కూడా ముందుగా పట్టుకున్నది కాలాన్నే. అడుగు పొడవును సెన్సర్‌తో లెక్కించాలంటే త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేయాలి, అంటే క్షణక్షణపు విలువలను కూడుకుంటూ పోవాలి. చిన్న దోషం కూడా క్షణక్షణానికీ పెరిగిపోతుంది. అందుకే నేను పొడవుల జోలికి పోలేదు.

ఈ గీతలను ఫిజియోథెరపిస్టు గారికి చూపించాను. ఆమె ఒడియాలో చెబుతారు, నాన్నగారు తెలుగులో బదులిస్తారు, ఇద్దరికీ అర్థమవుతుంది. ఎడమకాలిని ముందుకు లాగే కసరత్తులతో పాటు, గోడను పట్టుకుని ఆ కాలి మీదే బరువు మోపి నిలబడే అభ్యాసాన్ని ఆమె పెంచారు. రెండు నెలలకు కుడి పాదం గాలిలో ఉండే కాలం 0.56 సెకన్లకు వచ్చింది.

ఇప్పుడు పట్టీలు విప్పుతుండగానే నాన్నగారు ఎడమకాలి సంగతి అడగరు. "కుడికాలు ఈ వారం ఎంతసేపు ఆగిందిరా?" అంటారు.