మొట్టమొదట పవిత్రమైనది

బైబిల్లో యాకోబు పత్రిక (యాకోబు రాసిన లేఖ) 3:17 చదివినప్పుడల్లా నన్ను పట్టి ఆపేది అందులోని వరస. పైనుండి వచ్చే జ్ఞానం ముందు పవిత్రమైనది, ఆ తర్వాతే సమాధానకరమైనది, అంటే శాంతిని కోరేది. మనం మాత్రం ముందు గొడవ లేకుండా చూసుకుంటాం, పవిత్రత సంగతి తర్వాత.

బోడుప్పల్‌లో ఫ్లాట్ అమ్మేటప్పుడు అన్నయ్య అన్నాడు: "రిజిస్ట్రేషన్ గవర్నమెంట్ వాల్యూకే చేయించరా, మిగతాది క్యాష్‌గా తీసుకో. కాస్త లోకజ్ఞానం ఉండాలి." అన్నయ్య చెడ్డవాడు కాదు. నాన్న పోయాక నా కాలేజీ ఫీజులు కట్టింది తనే. లోకజ్ఞానం మన మేలు కోరేవాళ్ల నోటివెంటే వస్తుంది, కాదనడం అందుకే అంత కష్టం.

పూర్తి ధర డాక్యుమెంట్‌లో రాయిద్దామన్నాను. స్టాంపు డ్యూటీ పెరుగుతుందని కొనేవాళ్లు వెనక్కి తగ్గితే ఆ మేరకు రేటు తగ్గించాను. అన్నయ్యతో వాదన పెట్టుకోలేదు. అదే వచనంలో "మృదువైనది" అని కూడా ఉంది కదా!

అలాగని దేవుని జ్ఞానమంటే అమాయకత్వం కాదు. పావురాల్లా నిష్కపటంగా ఉండమన్న ప్రభువే పాముల్లా వివేకంగా ఉండమన్నాడు (మత్తయి 10:16). అగ్రిమెంట్ ప్రతి పేజీ చదివాను, చెక్కు క్లియర్ అయ్యాకే తాళాలు ఇచ్చాను.