స్వామి దగ్గర రిజిస్టర్ లేదు

నాకు టీబీ అని తేలింది 2022లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో. అప్పటికే చాలా వారాలుగా సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటకి తలగడ తడిసిపోవడం, ఆగని దగ్గు, జాకెట్లన్నీ వదులైపోవడం. బీఈడీ అయ్యాక మా ఊరి దగ్గరే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతుండేదాన్ని కాబట్టి సుద్దముక్క పొడి పడట్లేదు అనుకున్నారు అందరూ. ఆర్‌ఎంపీ రాసిన సిరప్పులు, యాంటీబయాటిక్‌లు అన్నీ అయ్యాక ప్రభుత్వాసుపత్రికి వెళితే గళ్ల పరీక్ష చేశారు. సీబీనాట్ అనే మెషీన్ ఉంటుంది, టీబీ ఉందా లేదా అన్నదే కాదు, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగుతుందా లేదా అన్నది కూడా గంటల్లో చెప్పేస్తుంది. నాది లొంగే రకమే. ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకుంటే పోతుంది, మాత్రలు ఫ్రీ, తిండి కోసం నెలకి 500 రూపాయలు బ్యాంకులో వేస్తారు (ఇప్పుడు వెయ్యి చేశారు) అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది. మాత్రలు మొదలెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగు, భయపడకు. కాస్త బాగవగానే తగ్గిపోయిందని ఆపేయకు.

అమ్మ ఇవేవీ వినలేదు. ఆమె చూపంతా పక్క టేబుల్ మీద రాసుకుంటున్న రిజిస్టర్ మీదే ఉంది. పేరు, ఇంటి నంబరు, ఫోను, ఆధార్, బ్యాంకు ఖాతా, ఇంట్లో ఎంతమంది ఉంటారు. "ఇవన్నీ ఎందుకండీ?" అని అడిగింది. టీబీ కేసు ఎవరు చూసినా ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచి రూలుందమ్మా, ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చి కనుక్కుంటూ ఉంటుంది అన్నారు. అమ్మకి అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. అప్పుడే నాకు నరసరావుపేట సంబంధం ఒకటి మాట్లాడుతున్నారు.

అమ్మని మూఢురాలు అనేసి ఊరుకోవడం తేలిక. కానీ మా అమ్మమ్మ వాళ్ల అన్నగారిని కుర్రతనంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టారట. ఆయన నయమై తిరిగొచ్చి, చాలా ఏళ్లు బతికి, ముసలితనంతో పోయేదాకా ఆయన మంచినీళ్ల గ్లాసు అరుగు మీద విడిగా బోర్లించి ఉండేదట. అమ్మకి టీబీ అంటే ఆ గ్లాసే. స్వామి దగ్గరికి తీసుకెళ్లింది జబ్బు తగ్గించడానికి కాదని నేను ఇప్పటికీ అనుకుంటా, అక్కడ ఎవరూ పేరు రాసుకోరని తీసుకెళ్లింది.

స్వామి గురించి చెప్పింది అమ్మ చీటీ కట్టే చోట పరిచయమైన ఒకావిడ. హైవే దిగాక పొలాల మధ్య పెద్ద రేకుల షెడ్డు, ముందు ఫ్లెక్సీ: టీబీ, కామెర్లు, పక్షవాతం, సంతానం, చేతబడి, ఏదైనా సరే మందు లేకుండా నయం. మేం వెళ్లేసరికి నేను మాత్రలు మొదలుపెట్టి కొన్ని వారాలైంది, జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, మొహంలో కాస్త కళ కూడా వచ్చింది. టోకెన్లు ఇచ్చే ఆవిడ చాలా ఆప్యాయంగా మాట్లాడింది. ఏ ఊరమ్మా, పాపకి పెళ్లయిందా, ఏం కష్టమొచ్చింది తల్లీ, మీ ఆయన అన్నదమ్ములు కలిసే ఉంటారా. అమ్మకి ఎవరైనా ఓపిగ్గా వింటే చాలు, గోడ తగాదాతో సహా మొత్తం చెప్పేసింది. కాసేపటికి మమ్మల్ని లోపలికి పిలిచారు. స్వామి కళ్లు మూసుకుని, మీ ఇంట్లో గోడ దగ్గర గొడవ ఉంది, ఆ గోడకి అవతల ఉన్న ఆడమనిషి చేతి అన్నం ఈ పిల్ల తిన్నది అన్నాడు. అమ్మ అక్కడికక్కడే సాష్టాంగపడిపోయింది.

గోడకి అవతల ఉన్నది మా పిన్ని, అంటే బాబాయి భార్య. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి.

తర్వాత నిమ్మకాయ. కత్తితో కోస్తే ఎర్రటి రసం కారింది, షెడ్డంతా గోవిందా గోవిందా. నేను ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పినప్పుడు మందారపువ్వు రసం నిమ్మరసంతో ఎర్రబడటం చేసి చూపించినదాన్నే, కత్తికి మందారం రుద్ది ఆరబెడితే చాలు. అదే అమ్మ చెవిలో చెప్పా. "నోర్ముయ్" అంది. చదువుంటే మోసపోరు అంటారే, ఆ మాట నాకు ఒప్పుదల కాదు. నాకు తెలిసింది, తెలిసి ఏం లాభం, ఇంట్లో పెళ్లి కావలసిన, జబ్బు పడ్డ పిల్ల మాట ఎంతవరకు చెల్లుతుంది? 2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకున్న తల్లిదండ్రులు పూజల పిచ్చిలో ఇద్దరు కూతుళ్లని చంపారని అరెస్టయినప్పుడు ఇదే అమ్మ టీవీ ముందు కూర్చుని "వీళ్ల చదువులు తగలెయ్యా" అని శాపనార్థాలు పెట్టింది.

అసలు దెబ్బ కొట్టింది నిమ్మకాయ కాదు. స్వామి నా వైపు తిరిగి, "మూత్రం ఎర్రగా వస్తోందా తల్లీ?" అని అడిగాడు. అమ్మ నోరు తెరిచి చూస్తోంది, ఎందుకంటే ఈ సంగతి మేం టోకెన్ల ఆవిడకి కూడా చెప్పలేదు. "అది నీ రక్తం. ఆ ఇంగ్లీషు బిళ్లలు నీ రక్తాన్ని కరిగించి బయటికి తోసేస్తున్నాయి. ఇంకొన్నాళ్లు మింగితే కాలేయం మిగలదు." ఇది దివ్యదృష్టి కాదు, రిఫాంపిసిన్ వేసుకున్న ప్రతి మనిషికీ అలాగే వస్తుంది. ఆ రోజు ఆటోలో వస్తూ నాకు ఒళ్లు జలదరించింది ఎందుకంటే, ఆ సంగతి అతనికి తెలిసిందంటే మాత్రలు వేసుకుంటున్న టీబీ రోగులు నాకంటే ముందు చాలామంది ఆ చాప మీద కూర్చుని ఉండాలి. వాళ్లలో ఎంతమంది మాత్రలు ఆపేశారో, ఎక్కడున్నారో.

అమ్మ నా మాత్రల అట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. త్వరలోనే మూత్రం మామూలు రంగుకొచ్చింది, రాదా మరి! "చూశావా, రక్తం పోవడం ఆగింది" అంది. కొన్నాళ్లు నాకు బాగానే ఉంది కూడా, అబద్ధమెందుకు, అన్నం బాగా తింటున్నా, బడికి వెళతానని కూడా అన్నా. అదంతా అప్పటిదాకా వేసుకున్న మాత్రలు చేసిన పని. మంచి పేరు మాత్రం స్వామికి వెళ్లింది. ఈ జబ్బులో ఉన్న మాయ ఇదే, మొదటి నెలల్లోనే చాలా క్రిములు చచ్చి మనిషి లేచి తిరుగుతాడు, మొండివి మాత్రం లోపల మిగిలే ఉంటాయి, మిగతా నెలల మందు వాటి కోసం. సరిగ్గా ఆ లేచి తిరిగే సమయంలో పట్టుకుంటే ఎవడైనా మహిమాన్వితుడే.

మందు కక్కించడం గురించి తెలియనివాళ్లుంటే చెబుతా. అన్నంలో ఎవరో మందు పెట్టారు, అది కడుపులో ముద్దలా అంటుకుని మనిషిని లోపల్నుంచి తినేస్తోంది, దాన్ని కక్కిస్తేగానీ బతకరు అని మా వైపు ఇప్పటికీ నమ్ముతారు. చిక్కిపోవడం, దగ్గు, ఆకలి లేకపోవడం, ఈ గుర్తులన్నీ టీబీవే. అమావాస్య రోజు పరగడుపున నాకు గ్లాసు నిండా పచ్చటి పసరు పట్టారు, వాంతి వచ్చేదాకా వీపు మీద చరిచారు. వాంతి ఇత్తడి బేసిన్‌లోకి. శిష్యుడొకడు వేపపుల్లతో కెలికి, వెంట్రుకలు చుట్టుకున్న ముద్ద ఒకటి పైకి తీసి అందరికీ చూపించాడు. బేసిన్‌లో ఉన్నదంతా ఆకుపచ్చ, నురగ. ఆ ముద్ద మట్టిరంగులో ఉంది, పుల్లతో విడదీస్తే లోపల పొడిగా ఉంది, పొడిపొడిగా రాలింది. నా కడుపులో నెలల తరబడి నానిన ముద్ద! అంత నీరసంలోనూ నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం ఏడుస్తూ చేతి గాజులు రెండూ తీసి పళ్లెంలో పెట్టింది. ఇంటికొచ్చాక అమ్మ వెళ్లి పిన్ని వాళ్ల వాకిట్లో నిలబడి అనకూడని మాటలన్నీ అంది. బాబాయి బయటికి వచ్చి "వదినా, ఇక మాకూ మీకూ చెల్లు" అని తలుపేసుకున్నాడు. ఇంకా హోమాలని, దిష్టి తీయడమని డబ్బు పోయింది, అదంతా చెప్పుకుంటూ పోతే తెమలదు.

వానాకాలానికి జ్వరం మళ్లీ వచ్చింది. స్వామి ఉప్పు మానేయమన్నాడు. ఆ తర్వాత రాత్రి పూజకి నన్నొక్కదాన్నే వదిలి వెళ్లమన్నాడు. అక్కడ మాత్రం అమ్మ ఒప్పుకోలేదు, ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈలోగా ఆశా అక్క రెండు మూడుసార్లు ఇంటికి వచ్చింది. పిల్ల ఊళ్లో లేదు, హైదరాబాదు వెళ్లింది అని అమ్మ పంపించేసింది. ఒకరోజు పొద్దున మండలం నుంచి టీబీ సూపర్‌వైజర్ బండేసుకుని ఆశా అక్కతో కలిసి వచ్చాడు. అమ్మ మళ్లీ హైదరాబాదు కథ మొదలుపెడుతుండగా లోపల నాకు దగ్గు తెర వచ్చింది, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. తువ్వాలు మీద రక్తం ఆయన చూశాడు. అమ్మని ఒక్క మాట అనలేదు. అరుగు మీద ఆడుకుంటున్న మా అన్నయ్య కూతుర్ని చూసి, "ఈ పాప ఈ ఇంట్లోనే ఉంటుందా?" అన్నాడు. మూడేళ్లది, రాత్రిళ్లు నా పక్కనే పడుకునేది. "మీ అమ్మాయి దగ్గితే వచ్చే క్రిములు ఈ పాప పీలుస్తుందమ్మా. పసిపిల్లలకి త్వరగా ముదురుతుంది, మెదడుకి పాకితే చాలా కష్టం." అమ్మ ఏదో అనబోయింది. అప్పటిదాకా అత్తగారికి ఎదురుచెప్పని మా వదిన లోపలికెళ్లి, అమ్మ బొడ్లో ఉన్న తాళంచెవి అడగను కూడా అడగకుండా లాక్కుని బీరువా తెరిచింది.

స్వామి మమ్మల్ని వెతుక్కుంటూ ఎందుకొస్తాడు? మేం ఆపేస్తే అతనికి తెలియదు, చచ్చిపోయినా తెలియదు. అమ్మ భయపడ్డ ఆ రిజిస్టర్‌లో నా పేరు ఉండబట్టే, మాత్రలు తీసుకోవడం ఆగిందని అక్కడ కనిపించబట్టే మనుషులు మా గుమ్మం ముందుకొచ్చారు.

మళ్లీ గళ్ల పరీక్ష. మధ్యలో ఆపేస్తే క్రిములు మందుకి మొండికేసే ప్రమాదం ఉంది, అలా అయితే వైద్యం ఇంకా ఎక్కువకాలం, ఇంకా కష్టం అని డాక్టరమ్మ చెప్పింది. రిపోర్ట్ వచ్చేదాకా ఎవరం మాట్లాడుకోలేదు. లొంగే రకమే అని వచ్చింది. మొదటి నుంచి మళ్లీ ఆరు నెలలు: నాలుగు మందులు కలిసిన మాత్రలు రెండు నెలలు, ఆ పైన మూడు మందులవి నాలుగు నెలలు. పరగడుపున మింగితే వాంతికొచ్చినట్టుండేది, కీళ్ల నొప్పులు, ఆ ఘాటు వాసన ఇప్పటికీ గుర్తే. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. పాపకి జబ్బు లేదు, అయినా ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ మాత్ర ఆరు నెలలు నలిపి ఇచ్చాం, అది నన్ను చూసి "అత్తా, నీది ఎర్ర బిళ్ల, నాది తెల్ల బిళ్ల" అనేది. చివరి పరీక్షలో క్రిములు లేవన్నారు. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ ఒకటి ఉండిపోయింది, అది ఉంటుందట, పర్లేదట. నరసరావుపేట సంబంధం పోయింది, పోతే పోయింది. బడికి మళ్లీ వెళుతున్నా.

పిన్ని నాతో మాట్లాడుతుంది, అమ్మతో మాట్లాడదు. అమ్మ ఒకసారి వెళ్లి కాళ్లు పట్టుకోబోతే "కాళ్లొదులు అక్కా, అన్న మాట వెనక్కి రాదు" అందట. ఇందులో పిన్నిని తప్పుపట్టడానికి నాకేం కనిపించదు.

తాయెత్తులు, మంత్రాలు, మహిమలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడం నేరం అని 1954లోనే చట్టం ఉంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు, అందులో జబ్బుల జాబితా కూడా ఉంది, టీబీ ఆ జాబితాలో ఉంది. మొదటిసారి తప్పుకి ఆరు నెలల దాకా జైలు. అన్నయ్య ఫ్లెక్సీ ఫోటో తీసి ఫిర్యాదు ఇచ్చాడు. సాక్షిగా సంతకం పెట్టమంటే అమ్మ ససేమిరా అంది, పేరు బయటికొస్తుందని. కేసు కదల్లేదు గానీ ఎవరు ఏం చెప్పారో, మొన్న ఆ దారిన బస్సులో పోతూ చూశా, ఫ్లెక్సీ మీద టీబీ అన్న చోట తెల్ల కాగితం అంటించారు. పక్షవాతం, సంతానం అలాగే ఉన్నాయి. అవి కూడా ఆ జాబితాలో ఉన్నవే. కొత్త ఫోటో అన్నయ్య ఫోన్‌లో ఉంది, ఈసారి సాక్షి సంతకం నేను పెడుతున్నా.