కెర్నెల్ పనికి నేను కుదుర్చుకున్న ఏర్పాటు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో మార్పులు చేయడం మొదలుపెట్టిన కొత్తలో, రోజూ వాడుకునే ల్యాప్‌టాప్‌లోనే కొత్త కెర్నెల్‌ను ఎక్కించి, తప్పు జరిగిన ప్రతిసారీ రీబూట్ చేస్తూ, చివరకు ఒకనాడు ఫైల్‌సిస్టమ్‌ను కూడా పాడుచేసుకున్నాను. ఆ తరువాతే, కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎమూ వైపు మళ్ళాను. బిల్డ్ చేసిన కెర్నెల్ ఇమేజ్‌నూ, మామూలు ఆదేశాలను ఒకే చిన్న ప్రోగ్రామ్‌లో ఇమిడ్చే బిజీబాక్స్‌తో కూర్చిన చిన్న ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌నూ (బూట్ వేళ మెమరీలోకి ఎక్కే ఫైల్‌సిస్టమ్) నేరుగా దానికి అందిస్తే, బూట్‌లోడర్, డిస్క్ వంటివేవీ లేకుండానే, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను వాడుకునే కేవీఎం తోడుంటే కొద్ది సెకన్లలో ఆదేశాలు టైప్ చేసే షెల్ ప్రత్యక్షమవుతుంది. కెర్నెల్ పానిక్ అయినా (కోలుకోలేని తప్పుతో ఆగిపోయినా) పోయేది ఒక టెర్మినల్ విండో మాత్రమే.

డీబగ్గింగ్ దగ్గర మాత్రం నాకు ఒక పూట వృథా అయింది. క్యూఎమూలోని జీడీబీ (తప్పులు వెతికే డీబగ్గర్) సర్వర్‌ను అలవాటు ప్రకారం 1234 పోర్టులో తెరిచి, డీబగ్ సమాచారం ఉన్న, కుదించని కెర్నెల్ అయిన వీఎమ్‌లినక్స్ ఫైలును జీడీబీకి ఇచ్చి, బ్రేక్‌పాయింట్లు (కెర్నెల్ ఆగాల్సిన చోట్లు) పెట్టినా అది ఒక్కచోటా ఆగలేదు. కేఏఎస్ఎల్ఆర్ అనే భద్రతా సదుపాయం ప్రతి బూట్‌లోనూ కెర్నెల్ చిరునామాలను మారుస్తుందనీ, దాన్ని ఆపడానికి బూట్ కమాండ్ లైన్‌లో ‘నోకేఏఎస్ఎల్ఆర్’ చేర్చాలనీ అప్పుడుగానీ తెలియలేదు.

బిల్డ్ సమయం తగ్గాలంటే, వేలాది మాడ్యూళ్ళతో నిండిన డిస్ట్రిబ్యూషన్ కాన్ఫిగరేషన్‌ను వదిలి కెర్నెల్‌తోపాటే వచ్చే డిఫాల్ట్ కాన్ఫిగరేషన్ అయిన డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెట్టడం మేలు. ఒకసారి కంపైల్ చేసిన ఫలితాలను దాచి తిరిగి వాడే సీక్యాష్ కూడా ఉపకరిస్తుంది.

కెర్నెల్ నిర్మాణాన్ని నేర్చుకోవడమే లక్ష్యమైతే, లినక్స్ కంటే ముందు ఎంఐటీ బోధన కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6ను చదవమంటాను; రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్లకు రాసిన దాని రూపం కూడా క్యూఎమూలోనే నడుస్తుంది. నిజమైన హార్డ్‌వేర్‌కు డ్రైవర్ రాసేవారికి మాత్రం కెర్నెల్ సందేశాలను బయటి నుంచి చదవడానికి సీరియల్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్ ఒకటి పక్కన ఉండవలసిందే.